మాకెరిటా వాకిట్లో చాటింపు

మా గదిలో మాంసాన్ని మోసుకుపోయే బెల్టు ఎవరికోసమూ ఆగదు. వేలు తెగినా ఆగదు, మనిషి కళ్ళు తిరిగి పడినా ఆగదు. ఆ పొద్దున కూడా బెల్టు నడుస్తూనే ఉంది. మా చేతుల్లో కత్తులే ఆగిపోయాయి.

"మాకెరిటా! ఆఫీసు గదికి రా" అని మైకులో ఫోర్‌మన్ అరిచాడు. "నీ అప్పులవాళ్ళు ఫోన్లో ఉన్నారు. నీ జీతంలో కోత వెయ్యాలంటున్నారు."

మాంసం కోసే గదిలో అందరం విన్నాం. సమోవా వాళ్ళం విన్నాం, టోంగా వాళ్ళు విన్నారు, మొన్ననే బ్రెజిల్ నుంచి వచ్చిన పిల్లలూ విన్నారు. మాకెరిటా అక్క చేతికున్న ఇనుప తొడుగు విప్పడం కూడా మరిచిపోయి, తల వంచుకుని, తడి నేలమీద బూట్లు ఈడ్చుకుంటూ వెళ్ళింది. ఆ బెల్టు దగ్గర పని చేయడానికి తల వంచడమే తప్ప, ఆమె తల వంచుకుని నడవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నా పేరు లోసా. ఆ గదిలో యూనియన్ తరఫున నోరు చేసుకునేది నేనే. మాకెరిటా పక్కింటిదాన్ని కూడా. ఈ కథ మీరు జాలిపడాలని చెప్పడం లేదు. ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళారా, రేపు ఏదో ఒక ఫ్యాక్టరీలో చేరబోయే చదువుకునే పిల్లలారా, మీ గుమ్మం ముందుకూ ఇట్లాంటి వసూలువాడొకడు వస్తాడు. ఇంకో పేరుతో వస్తాడు, ఇంకో చొక్కా వేసుకుని వస్తాడు. వచ్చినప్పుడు గుర్తుపట్టడానికి చెబుతున్నాను.

మధ్యాహ్నం అక్క అన్నం డబ్బా మూత తీయలేదు.

"తినక్కా."

"ఎట్లా తిననే? అందరూ విన్నారు."

"చెప్పినవాడికి లేని సిగ్గు నీకెందుకు?"

"పాస్టర్ గారికీ ఫోన్ చేశాడట. అక్కడ సమోవాలో, అపియాలో ఉన్న మా చెల్లెలికీ చేశాడట. ఇంట్లో ఫోను పొద్దున మోగుతుంది, సాయంత్రం మోగుతుంది. బాకీ ఉందని ఒప్పుకుంటూ సంతకం పెట్టకపోతే వ్యాను పట్టుకుపోతానంటున్నాడు."

బల్ల చుట్టూ ఉన్న ఆడవాళ్ళం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. వ్యాను మాకెరిటాదే కానీ, మా వీధిలో ఏడెనిమిది కుటుంబాలు దానిమీద బతుకుతున్నాయి. ఫ్యాక్టరీ ఆస్ట్రేలియాలో, బ్రిస్బేన్‌కి దక్షిణాన, ఊరవతల పొలాల్లో ఉంది. పొద్దుటి షిఫ్టు వేళకి అటు బస్సు ఉండదు. అక్క తోలుతుంది, మేమంతా వెనక కునికిపాట్లు పడుతూ పనికి పోతాం. వ్యాను పోతే మా అందరి పనీ పోయినట్టే.

"ఎవడక్కా వాడు?" అన్నాను.

"మలాకి."

"ఏ మలాకి? ఆదివారం మీ ఇంట్లో చాపమీద కూచున్న మలాకియేనా?"

అక్క తలూపింది.

మలాకి మావాడే. ఇప్పటికీ నాకు గొంతులో ముల్లు అదే. తెల్లవాడు వచ్చి తలుపు కొడితే మాకెరిటా తీసేది కాదు, ఆ సంగతి పాత బాకీలు కొనుక్కుని రాబట్టే వసూలు కంపెనీకి తెలుసు. అందుకని మా రంగువాణ్ణి, మా మాట మాట్లాడేవాణ్ణి జీతమిచ్చి మా మీదికి పంపింది. వాడు ఆదివారం చర్చి అయ్యాక ఇస్త్రీ లుంగీ కట్టుకుని వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచాడు. చాపమీద కాళ్ళు మడిచి కూచుని, పెద్దల ముందు మాట్లాడే మర్యాద మాటలతో పలకరించాడు. చనిపోయిన అక్క మొగుడి పేరెత్తి కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

"పాత బాకీ ఒకటుంది కదా పిన్నీ. తొందరేం లేదు, ఊరికే చూసిపోదామని వచ్చాను" అన్నాడు.

"ఆయన్ని సాగనంపడానికి తీసుకున్నది బాబూ" అంది అక్క. "చేతనైనన్నాళ్ళు కట్టాను. తర్వాత ఫ్యాక్టరీలో షిఫ్టులు తగ్గించారు. అప్పిచ్చిన కొట్టూ మూసేశారు. ఎవరికి కట్టాలో కూడా తెలీలేదు. ఎన్నేళ్ళయిందో!"

ఎన్నేళ్ళయిందో వాడికి బాగా తెలుసు. తెలిసే వచ్చాడు.

మా ఇళ్ళల్లో చాపమీద కూచున్నవాణ్ణి వట్టిచేతులతో పంపరు. పగవాణ్ణయినా పంపరు. అక్క చేమదుంపలు, కొబ్బరిపాలలో ఉడికించిన ఆకులు, టిన్ను మాంసం వాడి ముందు పెట్టింది. వాడు కడుపునిండా తిన్నాడు. లేచేటప్పుడు, పెద్దమనిషికి ఇచ్చినట్టే, ఒక కవరు దారిఖర్చులకని చేతిలో పెట్టింది. అలా ఇచ్చింది పదిమందికీ వినబడేలా వాకిట్లో చాటాలి. చాటుగా ఇస్తే మాలో దానికి విలువ లేదు. చాటడం పెద్దరికం పదవి లేని మగవాళ్ళ పని. మా వీధిలో ఆ పని విలియాముది. వాడు ఫ్యాక్టరీలో పశువుల్ని లోపలికి తోలుతాడు, వాడి గొంతుకి మైకు అక్కర్లేదు. చొక్కా విప్పి, లుంగీ బిగించి, వాకిట్లో నిలబడ్డాడు.

"ఓ... వినండయ్యా! మాకెరిటా ఇంటినుంచి, గుమ్మంలోకొచ్చిన చుట్టానికి, దారిఖర్చులు!"

పుచ్చుకునేవాడి ఆచారం ప్రకారం మలాకి ఆ కవరుని రెండు చేతులా తలపైకెత్తుకుని మహా సంతోషం అన్నాడు. వీధంతా చూసింది. నేను మా మెట్లమీద కూచుని కోకో తాగుతూ చూశాను. ఈ కాలంలో ఇంత మర్యాదస్తుడా అనుకున్నాను.

మర్నాటికి వాడి గొంతు మారింది. పిన్నీ పోయి చూడమ్మా వచ్చింది. "మొదటి వాయిదా కట్టావు కదా, మిగతాదెప్పుడు చూడమ్మా?" అన్నాడు ఫోన్లో.

శుక్రవారం సాయంత్రం చర్చి హాల్లో వీధి జనమంతా కూచున్నాం. పాస్టర్ హాలు తాళం ఇచ్చాడు, తను మాత్రం రాలేదు. ముందు చాపమీద తోమాసి పెద్దయ్య కూచున్నాడు. మా వీధికి మాట చెప్పే పెద్ద ఆయనే. జీవితమంతా అదే ఫ్యాక్టరీలో కళేబరాలు మోసి నడుం వంగిపోయినా, పదవి మాత్రం వంగలేదు.

"బాకీ బాకీయే" అన్నాడు పెద్దయ్య. "ఇంకా అల్లరి కాకముందే తలా ఇంత వేసి కట్టేద్దాం. కోర్టులూ లాయర్లూ మన ఇంటావంటా లేవు."

"మనం తలా ఇంత వేస్తామని వాడికి తెలుసు పెద్దయ్యా" అన్నాను. "పాస్టర్‌కి ఫోన్ చేసింది అందుకే. వాడు డబ్బు వసూలు చెయ్యట్లేదు, మన సిగ్గు పిండుకుంటున్నాడు."

"యూనియన్లో చేరాక నీ నోరు పెద్దదైంది."

"చేరకముందూ పెద్దదే. వినడానికి నీకు తీరికుండేది కాదు."

ఆడవాళ్ళు నవ్వారు. పెద్దయ్య నవ్వలేదు.

డబ్బు తీసుకోకుండా న్యాయ సలహా చెప్పే కేంద్రం నుంచి బ్రిడ్జెట్ అనే లాయరమ్మని యూనియన్ పిలిపించింది. పాపం ఆవిడకి చాపమీద కూచోవడం చేతకాక మోకాళ్ళు పట్టుకుని అవస్థ పడుతోంది. ముందు మాకెరిటాని అడిగింది. "ఆ అప్పుకి వ్యాను తాకట్టు పెట్టారా?"

"లేదమ్మా. వ్యాను తర్వాత కొనుక్కున్నాను."

"అయితే వాడు దాన్ని ముట్టుకోలేడు. వాళ్ళు కోర్టుకెళ్ళి గెలవాలి, అప్పుడు కూడా తీసుకెళ్ళాల్సింది కోర్టు మనిషి. జీతంలో కోతా అంతే, కోర్టు ఆర్డరు లేకుండా ఎవడూ వెయ్యలేడు. అది ఉత్త బెదిరింపు. అబద్ధపు బెదిరింపు చెయ్యడం తప్పు. మీ బాకీ సంగతి మీ ఫోర్‌మన్‌కి, పాస్టర్‌కి, చెల్లెలికి చెప్పడం ఇంకో తప్పు."

"ఫోన్లు?" ఎవరో అడిగారు.

"వారానికి మూడుసార్లకి మించి చెయ్యకూడదు. నాకు ఫోన్ చెయ్యొద్దు, ఉత్తరం రాయండి అని మీరు రాసి పంపచ్చు. మా ఇంటికి రావద్దు అనచ్చు. వెళ్ళిపొమ్మంటే వాడు వెళ్ళిపోవాలి. అసలు ఈ బాకీ మీ కంపెనీది ఎట్లా అయింది, లెక్క చూపించు అని అడగచ్చు. చూపించేదాకా వాడు ఆగాల్సిందే."

"ఇన్ని ఉన్నాయా మనకి?" అన్నాడు విలియాము. "మరి ఫ్యాక్టరీలో గోడమీద చేతులు కడుక్కోండి అని ఒక్కటే రాశారేం?"

నవ్వులు ఆగాక బ్రిడ్జెట్ గొంతు తగ్గించింది. "అసలు సంగతి ఇంకోటుంది. ఈ రాష్ట్రంలో పాత బాకీకి గడువుంది. ఆరేళ్ళపాటు మీరేమీ కట్టకుండా, రాసివ్వకుండా ఉండి, వాళ్ళు దావా వెయ్యకపోతే, గడువు దాటిందని మీరంటే కోర్టు వాళ్ళకి ఏమీ ఇప్పించదు. కానీ మధ్యలో గానీ, గడువు దాటాక గానీ బాకీ ఉందని సంతకం పెట్టినా, ఒక్క డాలరు కట్టినా గడువు మళ్ళీ మొదటికొస్తుంది. మాకెరిటాగారి బాకీకి గడువు దాటిపోయింది. అందుకే వాడికి ఆమె చేతినుంచి ఏదో ఒకటి కావాలి. దారిఖర్చుల కవరుని వాడు వాయిదా కింద రాసుకున్నాడు."

అక్క కొంగు లాంటి శాలువా నోటికడ్డం పెట్టుకుంది. తను పెట్టిన తిండి, తను చేసిన మర్యాద, తన మెడకే ఉరితాడు చేశాడని ఆమెకి అప్పుడు అర్థమైంది.

వెనకనుంచి ఒకామె లేచింది. "మా ఇంటికీ వచ్చాడు. నేనూ ఇచ్చాను దారిఖర్చులు."

ఆమె మాట పూర్తికాకముందే కిటికీ దగ్గర ఇంకొకాయన లేచాడు. "మా ఇంట్లో రెండుసార్లు తిన్నాడు." ఇంకో మూలనుంచి ఇంకొకరు లేచారు. ఇన్నాళ్ళూ ఎవరి గుట్టు వాళ్ళ గుండెల్లో దాచుకుని, చర్చిలో పక్కపక్కన కూచుని పాటలు పాడామన్నమాట! ఒక్కొక్కళ్ళం మాకొక్కళ్ళకే ఈ అప్రతిష్ఠ అనుకున్నాం. వాడు ఇంటింటికీ తిరిగి మా మౌనాన్ని మేసి బలిశాడు.

చివరికి ముందు చాపమీదనుంచి తోమాసి పెద్దయ్య గొంతు వినబడింది. "నేనూ ఇచ్చాను." అందరం అటు తిరిగాం. ఆయన నేలకేసి చూస్తున్నాడు. "పింఛనులోంచి నెలనెలా కడుతున్నాను. మీకు తెలిస్తే నా మాట వింటారా అని దాచాను. నా కవరూ వాడు తలకెత్తుకున్నాడు." ఆయన పిడికిలి చాపని గుద్దింది. "నా ఇంట్లో తిని, నా కవరు తలకెత్తుకుని, నన్ను దొంగదెబ్బ తీశాడు లం... కొడుకు!"

చర్చి హాల్లో ఆ మాట విని ఒక్కరూ చెంపలు వేసుకోలేదు.

"కాళ్ళు విరగ్గొడదాం" అన్నారు కుర్రాళ్ళు. "కత్తి పట్టడం రాదా మనకి? ఎముకనుంచి కండ ఎట్లా వలవాలో మనకి ఒకడు చెప్పాలా?"

నిజం చెబుతున్నాను, నాకూ అదే అనిపించింది. వాడి కీళ్ళు ఎక్కడెక్కడ ఉంటాయో లెక్కేసుకుంటూ కూచున్నాను.

"చెయ్యి వేశారా, మీరే వాణ్ణి గెలిపించినట్టు" అంది బ్రిడ్జెట్. "ఆ కవరు బహుమానం, వాయిదా కాదు అని నిలబడి చెప్పే సాక్షులు కావాలి నాకు. జైల్లో ఉన్న సాక్షులు కాదు."

"సాక్షులా? వీధంతా విన్నదే కదా" అన్నాడు విలియాము. "నేనే కదా చాటింది!"

మాకెరిటా అక్క నోటికడ్డం ఉన్న శాలువా పక్కన పెట్టింది. "నేనిచ్చింది చాటారు కదా" అంది మెల్లగా. "ఈసారి వాడు తెచ్చింది చాటండి."

"ఏం తెస్తాడక్కా వాడు?"

"ఏం తెస్తే అదే. అందరూ వినాలి."

ఇంటికి రావద్దు, ఫోన్ చెయ్యొద్దు, లెక్క చూపించు అని బ్రిడ్జెట్‌తో రాయించి కంపెనీకి పంపాం. అయినా ఆ తర్వాతి వారం శనివారం మలాకి వచ్చాడు. ఈసారి లుంగీ లేదు, నల్ల ప్యాంటు, బూట్లు. వెనకాల బళ్ళు లాగే ట్రక్కు ఒకటి తెచ్చాడు. ట్రక్కువాడు ఎర్రమొహం ముసలాడు, తన పనేదో తను చూసుకునే మనిషి. గొలుసు దించి వ్యాను ముందు చక్రాలకి తగిలించడం మొదలుపెట్టాడు.

అక్క గుమ్మంలో నిలబడింది. చాప పరచలేదు.

"చూడమ్మా, సంతకం పెడితే ట్రక్కు పంపించేస్తాను" అన్నాడు మలాకి.

"రావద్దని రాశాను. వెళ్ళిపో."

"నీ మంచికే చెబుతున్నాను. వ్యాను పోతే..."

మాట పూర్తికాలేదు. పక్కింటి మెట్లు దిగి విలియాము వాకిట్లోకొచ్చాడు. చొక్కా విప్పి గోడమీద వేశాడు. లుంగీ బిగించాడు.

"ఓ... వినండయ్యా! వసూలు కంపెనీ ఇంటినుంచి, విధవరాలు మాకెరిటా గుమ్మానికి వచ్చిన కానుకలు! తెచ్చినవాడు లేపేతి కొడుకు మలాకి! మొదటి కానుక, కోర్టు ఎరగని ట్రక్కు!"

తలుపులు తెరుచుకున్నాయి. మెట్లమీదికీ కంచెల దగ్గరికీ జనం వచ్చారు.

"రెండో కానుక, ఫోర్‌మన్ చెవిలో ఊదిన విధవరాలి బాకీ! ఆ పైన కానుక, లేని జీతం కోత! ఆ పైన కానుక, తిన్న చేమదుంపలకి బదులు దొంగ వాయిదా!"

ప్రతి మాటకీ వీధంతా మహా సంతోషం అని కేకపెట్టింది. తలపైకి చేతులెత్తి మరీ పెట్టింది. మలాకి చెవులు కందగడ్డలయ్యాయి.

"నెమ్మదిగా అన్నా" అన్నాడు విలియాముతో. "మా అమ్మ పేరెందుకు? అవతలి వీధిలోనే ఉంటుంది, వినబడుతుంది."

"అపియాలో మా చెల్లెలికి వినబడింది" అంది మాకెరిటా. "మీ అమ్మకీ వినబడనీ. గట్టిగా చాటు విలియామూ."

విలియాము గట్టిగా చాటాడు. నాకు జాలి వేయలేదు. వాడి మొహం అట్లా మాడిపోవడం చూస్తుంటే, ఎన్నాళ్ళకో ఆకలి తీరినట్టనిపించింది. ఈ మాట రాయడానికి నాకేం మొహమాటం లేదు.

నేను ట్రక్కు ముసలాడి దగ్గరికి నడిచాను. "తాతా, ఆ వ్యాను తీసుకుపోవడానికి కోర్టు కాగితం నీకు చూపించాడా?"

ముసలాడు మలాకికేసి చూశాడు. "ఉందన్నావు కదా?"

"ఆఫీసులో ఉంది" అన్నాడు మలాకి.

"ఆఫీసులో ఉంటే ఆఫీసునే లాక్కుపో" అన్నాడు ముసలాడు. గొలుసు విప్పి ట్రక్కులో పడేశాడు. "నా లైసెన్సు పోతే నువ్వు పెడతావా నాకు తిండి? రోజు పాడుచేశావు." అక్కకేసి టోపీ తాకి, ట్రక్కెక్కి వెళ్ళిపోయాడు. వీధి దద్దరిల్లేలా మహా సంతోషం అన్నాం.

ఓడిపోయినవాడికి చివరికి మిగిలేది పోలీసులే. మలాకి ఫోన్ చేస్తే వాళ్ళెంత తొందరగా వచ్చారో! మా ఇంట్లో దొంగలు పడితే మాత్రం మర్నాడొస్తారు. ఇద్దరు దిగారు.

"చొక్కా వేసుకుని లోపలికెళ్ళు. నీ వల్ల వీధిలో అల్లరి" అన్నారు విలియాముని.

"వీధిని అడగండి, అల్లరి ఎవడి వల్లో" అన్నాడు విలియాము. మళ్ళీ ఓ అని గొంతెత్తాడు. రెండో మాట రాకముందే చేతులు వెనక్కి విరిచి కారులోకి తోశారు. అడ్డం వెళ్ళిన నన్నూ నెట్టారు. మోచెయ్యి గీరుకుపోయింది.

కారు మలుపు తిరిగింది. గోడమీద విలియాము చొక్కా అట్లాగే ఉంది. మలాకి కాలరు సర్దుకున్నాడు.

"అయిపోయిందా తమాషా? ఇప్పుడు అరవండి చూద్దాం. సోమవారం ఇంకో ట్రక్కు వస్తుంది."

ఎవరూ కదలలేదు. కుర్రాళ్ళు పోలీసు కారు పోయినవైపు చూస్తున్నారు.

అప్పుడు తోమాసి పెద్దయ్య తన వరండాలో కుర్చీలోంచి లేచాడు. పెద్దలు కూచుని మాట్లాడతారు. వాకిట్లో నిలబడి అరవడం కుర్రాళ్ళ పని, పదవి ఉన్నవాడు ఆ పని చెయ్యడమంటే పదవి విడిచి నడవడమే. మా తాతల నాటినుంచీ ఎవరూ చెయ్యలేదు. ఆయన ఒక్కో మెట్టూ దిగి, తెల్ల చొక్కా గుండీలు విప్పి, దాన్ని నా చేతిలో పెట్టాడు. వంగిన నడుంతో, వేలాడే కండలతో, విలియాము నిలబడ్డ చోటే నిలబడ్డాడు.

"వద్దు పెద్దయ్యా, నీ అంతటివాడు" అన్నాడు మలాకి. వాడి మొహంలో అప్పుడు చూశాను భయం. వాడు మావాడే కదా, ఏం జరగబోతోందో వాడికి అర్థమైంది.

పెద్దయ్య గొంతు మొదట పలకలేదు. దగ్గి, మళ్ళీ ఎత్తాడు.

"ఓ... వినండి! తోమాసి ఇంటినుంచి వసూలు కంపెనీకి! ఇన్నాళ్ళూ నేను దాచుకున్న సిగ్గు! అది నాది కాదు, మీది! తీసుకుపోండి!"

"మా ఇంటినుంచీ!" అంది వెనకనుంచి ఒకామె. "మా ఇంటినుంచీ!" అంది ఇంకో మెట్టు. కంచె దగ్గర, కిటికీ దగ్గర, అవతలి వీధి మొదట్లో, ఇల్లు తర్వాత ఇల్లు. కేక ఎక్కడ మొదలైందో ఎక్కడిదాకా పోయిందో ఇంక తెలీలేదు. మలాకి కారుదాకా నడవలేక పరిగెత్తాడు.

మాకెరిటా అక్క ఇంట్లోంచి తాళాలు తెచ్చింది. వ్యాను తలుపులు బార్లా తీసింది.

"ఎక్కండి. విలియాముని తెచ్చుకోవాలి" అంది. "సోమవారం వాడు రానక్కర్లేదు. మనమే వాళ్ళ ఆఫీసుకి పోదాం."

పట్టినంతమందిమి ఎక్కాం, పట్టనివాళ్ళు వెనక కార్లలో వచ్చారు. పెద్దయ్య ముందు సీట్లో కిటికీ అద్దం దించి కూచున్నాడు. గాలి చల్లగా కొడుతోంది, ఆయన చొక్కా ఇంకా నా ఒళ్ళోనే ఉంది.

"వేసుకో పెద్దయ్యా, చలేస్తుంది" అన్నాను.

"నీ దగ్గరే ఉంచవే" అన్నాడు. "చాటడం ఇంకా అవలేదు."